తల్లి తలకు పైన గీటు: గీట్లమ్మరేవు స్థల పురాణం

వెదురేరు పెన్నలో కలిసే చోటికి పదిహేను కిలోమీటర్ల ఎగువన, ఏటి ఉత్తరపు ఒడ్డున గీట్లమ్మరేవు ఉంది. ఊళ్లో నలభై మూడు ఇళ్లు. అందులో ముప్పై ఒకటి రైలు పని చేస్తున్నవాళ్లవి, లేదా చేసి విరమణ పొందినవాళ్లవి. బస్సులో వచ్చే భక్తులు పెద్దరోడ్డు మీద దిగి మూడు కిలోమీటర్లు నడవాలి. రైల్లో వచ్చేవారికి ఆ శ్రమ లేదు. పొద్దున ఏడు గంటల పది నిమిషాలకు ఒక ప్యాసింజరు, సాయంత్రం ఐదు నలభైకి ఒకటి ఇక్కడి హాల్టులో ఆగుతాయి. ప్లాట్‌ఫాం పొట్టిది కాబట్టి చివరి మూడు పెట్టెల వాళ్లు కంకర మీదికి దిగాల్సి వస్తుంది. పెద్దవాళ్లు ముందు పెట్టెలలో ఎక్కడం మంచిది.

హాల్టు దాటి వంతెన వైపు రెండు వందల అడుగులు నడిస్తే, రైలు కట్ట మీదినుంచి కిందికి ఇరవై ఆరు మెట్లు కనిపిస్తాయి. ఆ మెట్ల చివర అమ్మవారి గుడి. గోపురం లేదు. నాలుగు రాతి స్తంభాలు, పైన రేకుల కప్పు. అమ్మవారు ఐదడుగుల ఎనిమిది అంగుళాల నిలువు రాయి. కన్ను, ముక్కు చెక్కలేదు. రాయికి నడుము దగ్గర, నేల నుంచి మూడడుగుల రెండంగుళాల ఎత్తున ఒక పాత పసుపు గీటు ఉంది. దానికి బొట్టు పెట్టరు. రాయి వెనక మరొక రాతి కంబం ఉంది. దాని మీద సరిగ్గా ఎనిమిది అడుగుల ఎత్తున ఇంకొక గీటు. పసుపు, కుంకుమ, పూలదండ, హారతి అన్నీ ఆ పై గీటుకే. అమ్మవారిని ఎదురుగా పెట్టుకొని ఆమె తలకు పైన ఉన్న ఉత్త కంబానికి హారతి పట్టడం చూసి, మొదటిసారి వచ్చినవారు విస్తుపోతారు. అలా ఎందుకు చేస్తారో తెలుసుకోగోరే భక్తుల కోసమే ఈ చిన్న పుస్తకం.

పూర్వం ఇక్కడ ఊరు లేదు. ఏటి ఒడ్డున వాలు, వాలు పైన కాస్త సమమైన నేల, ఆ నేలలో ఈ రాయి. కాటమయ్య అనే గొర్రెల కాపరి తన మందను ఇక్కడ మేపుకునేవాడు. ఒక కార్తీక మాసంలో ఎగువన కురిసిన వానకు ఏరు ఒక్కసారిగా పొంగింది. మందకు ముందు నడిచే పొట్టేలు గట్టెక్కితే గొర్రెలన్నీ దాని వెంట ఎక్కాయి. వెనకబడిన రెండు పిల్లలను చంకన పెట్టుకున్న కాటమయ్య మాత్రం ఎక్కలేకపోయాడు. నిలువు రాయికి వీపు ఆనించి నిలబడ్డాడు. నీళ్లు మోకాళ్లకు, తొడలకు, నడుముకు వచ్చాయి. అప్పుడతను రాయితో ఇలా అన్నాడట.

“అమ్మా, నాకు ఈత రాదు. నీకూ వచ్చినట్టు లేదు. ఇంకా మీదికి రానిస్తే ఇద్దరమూ పోతాం. నువ్వే ఆలోచించుకో.”

నీళ్లు అక్కడే ఆగాయి. పొద్దు వాలేసరికి తగ్గాయి. నీళ్లు ఆగిన చోట రాయి మీద బురద చార మిగిలింది. అది చెరిగిపోకముందే కాటమయ్య భార్య పసుపు నూరి తెచ్చి, ఆ చార వెంట బొటనవేలితో గీటు గీసింది. ఆ నాటి నుంచి రాయి గీట్లమ్మ అయింది. ప్రతి ఏడాది వరద తీశాక కాపరులు వచ్చి చూసేవారు. నీళ్లు గీటు దాటితే గీటును పైకి జరపాలి, దాటకపోతే ఉన్నదాని మీదే మళ్లీ పసుపు రాయాలి. ఇదీ నియమం. మూడు తరాల పాటు జరపవలసిన అవసరం రాలేదు. గీటుకు దిగువన మందను కట్టేవారు కాదు. ఆవలి ఒడ్డు పడవవాళ్లు కూడా రాయి దగ్గరికి నీళ్లు చేరాయంటే పడవ దించేవారు కాదు.

ఆ తరువాత రైలు దారి వేసే కాలం వచ్చింది. మట్టి పని కోసం పద్దెనిమిది ఒడ్డెర కుటుంబాలు వచ్చి ఏటి పక్కన గుడిసెలు వేసుకున్నాయి. వారికి మేస్త్రి ఓబులేసు. అతని భార్య సుంకులమ్మ. పెళ్లయిన పంతొమ్మిదేళ్లలో ఆమె పద్నాలుగు చోట్ల గుడిసె వేసి పద్నాలుగు చోట్ల పీకింది.

ఈ పనివారి పద్ధతి ఒకటి ఇక్కడ చెప్పాలి. మట్టి కోసం గుంత తవ్వేటప్పుడు నడుమ ఒక మట్టి దిమ్మెను తవ్వకుండా వదులుతారు. దాని నెత్తి మీద పాత గడ్డి అలాగే ఉంటుంది. నేల మొదట ఎంత ఎత్తున ఉండేదో, ఎంత లోతు తవ్వారో ఆ దిమ్మె చెబుతుంది. దాన్ని సాక్షి దిమ్మె అంటారు. పని కొలిచి ముగించేదాకా దాని మీద ఎవరూ గునపం వేయరు, కాలు పెట్టరు. పిల్లలు ఎక్కితే దెబ్బలు పడతాయి.

కట్ట పోసే దారికి సరిగ్గా మధ్యలో గీట్లమ్మ రాయి వచ్చింది. ఆదివారం లోపల రాయి తీయకపోతే వేరే జట్టును తెచ్చుకుంటానని గుత్తేదారు చెప్పిపోయాడు. ఒడ్డెర వారు భయభక్తులు లేనివారు కారు. పొంగలి పెట్టారు, కోడిని కోశారు, తప్పు మన్నించమని వేడుకున్నారు. ఎనిమిది మంది వెదురు బొంగుల మీద రాయిని ఎత్తుకొని, ఏటి వైపు అరవై ఒక్క అడుగులు నడిచి, శుభ్రమైన చోటు చూసి నిలబెట్టారు. ఎంత దూరం మోశారో ఎనిమిది మందికీ గుర్తుంది. ఎంత కిందికి మోశారో ఒక్కరూ చూడలేదు.

మరునాడు ఆవలి ఒడ్డు నుంచి పడవ దిగిన పెద్దామె వీరమ్మ, రాయి చోటు మారడం చూసి గుండె బాదుకుంది. పడవవాళ్లలో ఆమె మాటకు ఎదురు లేదు.

“ఎవర్రా ముట్టింది తల్లిని?”

 ఓబులేసు తోచిన మాట అనేశాడు. “మాకేం తెలుసు అవ్వా. తెల్లారి లేచి చూస్తే ఈడుంది. దప్పికై ఏటికి నడిచొచ్చినట్టుంది.”

వీరమ్మ రాయి చుట్టూ తిరిగి చూసి, చెంపలు వేసుకొని సాగిలపడింది. వారం తిరగక ముందే తల్లి నడిచిన వార్త ఎనిమిది ఊళ్లు చుట్టివచ్చింది. మూడో వారానికి ఇసుకలో తల్లి పాదాలు చూశామని చెప్పేవాళ్లు బయలుదేరారు. అవి ఒడ్డెర ఆడవాళ్లు నీళ్లకు దిగిన అడుగులు. తల్లి ఎవరి కోసం నడిచి వచ్చిందో వాళ్లను దూరం పెట్టకూడదని పక్క ఊరి పెద్దలు తమ బావిలో నీళ్లు తోడుకోనిచ్చారు. రైలు పని అయిపోయినా ఇక్కడే ఉండిపొమ్మని గుడిసెల చోటును వదిలేశారు. సుంకులమ్మ తన గుడిసె వెనక మునగ కొమ్మ నాటింది. కాయ కాసేదాకా ఒక చోట ఉంటామనే నమ్మకంతో ఆమె చెట్టు నాటడం అదే మొదలు.

మాఘమాసంలో వంతెన పని చూడడానికి కొత్త ఓవర్సీరు వచ్చాడు. పేరు వేదాచల మొదలియారు. వేలూరు వైపు మనిషి. ముందున్న ఓవర్సీరు చలిజ్వరంతో ఇంటికి వెళ్లిపోయాడు కాబట్టి, రాయిని మోయించిన సంగతి ఈయనకు చెప్పేవారు లేరు; తల్లి నడిచిందన్న మాట చెవిన పడినా జనం నమ్మకమనే అనుకున్నాడు. వంతెన ఎత్తు నిర్ణయించాలంటే ఏటికి ఎరిగినంతలో పెద్ద వరద ఎంతవరకు వచ్చిందో తెలియాలి. ఆయన జాగ్రత్తపరుడు. పన్నెండు మందిని విడివిడిగా పిలిచి అడిగాడు. పన్నెండు మందీ వేలు చూపించి ఒకే మాట చెప్పారు. “అదో, తల్లి గీటు. దాన్ని దాటి రాలేదు సామీ.” అంతకంటే గట్టి సాక్ష్యం ఆయనకు ఆ దారిలో ఏ ఏటి దగ్గరా దొరకలేదు. గీటు ఎత్తును కొలిచి, దానికి మూడడుగుల పైన ఇనుప దూలాలు కూర్చోవాలని రాసుకున్నాడు. ఏడు ఖానాల వంతెన, అంటే నీళ్లు పారడానికి ఏడు ఖాళీలు. ఏట్లో ఆరు స్తంభాలు, ఒడ్డున రెండు గోడలు లేచాయి. గీటు ఎత్తున ప్రతి స్తంభానికీ ఎర్ర రంగు పూశారు.

ఆషాఢంలో ఒక మిట్టమధ్యాహ్నం, బండి కింది నీడలో కునుకు తీసిన సుంకులమ్మకు తల్లి కలలో కనిపించింది. మట్టి మోసే బుట్టలో కూర్చొని ఉంది. కోపంగా లేదు. దారి తప్పినవాళ్లు ఊరి పేరు అడిగినట్టు అడిగింది.

“నన్నైతే మోసుకొచ్చినారు. నేను చూసిన నీళ్లను యాడ పెట్టినారు?”

సుంకులమ్మ లేచి కూర్చుంది. ఎదురుగా ఏరు, ఏట్లో స్తంభాలు, వాటి మీద ఎర్ర రంగు కనిపిస్తున్నాయి. తల మీద బుట్టతో వేల సార్లు ఎక్కి దిగిన మనిషి. ఏ వాలు ఎంతో ఆమె మోకాళ్లకు తెలుసు. కట్ట మీదికి మట్టి మోసుకుపోయేటప్పుడు రాయి ఉన్న పాత చోటికి ఎక్కాలి. తల్లికి పసుపు రాయడానికి పోవాలంటే దిగాలి. ప్రతి మంగళవారం ఆమె దిగుతూనే ఉంది.

రాయి పాత చోటు అప్పటికే కట్ట కిందికి పోయింది. కానీ దాని పక్కన తవ్విన గుంతలో సాక్షి దిమ్మె ఇంకా నిలబడి ఉంది. దాని నెత్తి ఎత్తు, రాయి నిలిచిన నేల ఎత్తు ఒకటే. సుంకులమ్మ ఆ దిమ్మె నెత్తికి దారం కట్టింది. రాయి మొదలు దగ్గర ఒక వెదురు కర్ర పాతింది. పళ్లెంలో నీళ్లు పోసి, నీటి మట్టానికి సమంగా దారాన్ని లాగి పట్టుకుంది. ఆమె తోడికోడలు లింగమ్మ గంప దించి నవ్వింది.

“ఏందక్కా, తల్లికి రవిక కొలత తీస్తాండావా?”

“కర్ర కాడికి పోయి దారం యాడ తగిలిందో పట్టుకో. మాట్లాడగాకు.”

దారం కర్రకు తగిలిన చోటు నుంచి రాయి మొదలు దాకా సుంకులమ్మ మూరతో, జానతో, వేళ్లతో కొలిచింది. రెండు మూరలు, ఒక జాన, ఎనిమిది వేళ్లు. అంటే నాలుగడుగుల మూడంగుళాలు. కాటమయ్య చూసిన వరద మళ్లీ వస్తే, నీళ్లు ఎర్ర రంగుకు నాలుగడుగుల మూడంగుళాల పైన పారతాయి. దూలాలు ఎర్ర రంగుకు మూడడుగుల ఎత్తులోనే ఉంటాయి. మట్టి కట్ట కూడా ఆ లెక్కతోనే పోశారు.

ఆమె ఆ సంగతి మొదట భర్తకు చెప్పింది.

“మామా, ఏరు మనం అనుకున్నదానికంటే నాలుగడుగులు మీద ఉంది.”

“ఏరు ఆడనే ఉండాది. నీకే ఎండ తగిలినట్టుంది.”

“ఏరు ఆడనే ఉండాది. తల్లే కిందికొచ్చింది. తల్లితో పాటే గీటూ వచ్చింది.”

ఓబులేసుకు అంతకంటే చెప్పనక్కర లేకపోయింది. మట్టి కొలతల్లో పుట్టి పెరిగిన మనిషి. గునపం మొనను నేలకు రాస్తూ కూర్చున్నాడు.

“చెప్తే ఏమవుతాదో తెలుసునా నీకు? తల్లిని మోసినామంటే ఎనిమిదూళ్లోళ్లు కట్టెలు తీసుకొనొస్తారు. నడిచొచ్చిందని బొంకినామంటే ఓవర్సీరు పనిలోంచి తరుముతాడు. రెండూ ఒకే నోటితో చెప్పాల. పద్దెనిమిది గుడిసెలు పీకాల.”

“సాక్షి దిమ్మెను మన బిడ్డ ఎక్కితేనే కొడతాం గదా మామా. ఈ రాయినెట్లా ఎత్తినాం?”

“అది మట్టి. కొలతకు పెట్టింది. ఇది దేవత.”

“దేవతా కొలతకే నిలబడింది. మనమే చూడలేదు.”

“మూడు తరాలుగా అంత వరద రాలేదంట.”

“మన జన్మలో రాకపోవచ్చు. ఎవురి జన్మలో వచ్చినా బండ్లో మనుషులుంటారు.”

ఓబులేసు లేచి వెళ్లిపోయాడు. వద్దని అనలేదు, సరే అనీ అనలేదు.

సుంకులమ్మ మూడు రోజులు ఆగింది. నాలుగో రోజు శుక్రవారం. ఎనిమిది ఊళ్ల జనం పూజకు వచ్చారు. వేదాచల మొదలియారు కూడా స్నానం చేసి, పంచె కట్టుకొని వచ్చి చేతులు జోడించి నిలబడ్డాడు. సుంకులమ్మ అందరి ముందుకూ వచ్చింది.

“సామీ, తల్లి నడవలేదు. మేమే మోసినాం.”

ముందు ఎవరికీ అర్థం కాలేదు. పడవ వీరమ్మ జాలిగా అంది. “పాపం, ఎండదెబ్బ. ఎవరన్నా మజ్జిగ ఇయ్యండమ్మా.”

“ఎండదెబ్బ గాదు అవ్వా. పోయిన కార్తీకంలో పైనుంచి ఈడికి మోసినాం. నడిచిందని చెప్పింది అబద్ధం. గీటు నాలుగడుగుల మూడంగుళాలు కిందికి దిగింది. సామీ, నీ వంతెన చాలదు.”

ఓవర్సీరు జోడించిన చేతులు అలాగే ఉన్నాయి. పెదవులు మాత్రం కదులుతున్నాయి. మంత్రం చదువుతున్నాడని కొందరు అనుకున్నారు. ఆయన నాలుగడుగుల మూడంగుళాల నుంచి మూడడుగులు తీసివేస్తున్నాడు.

“ఎవరమ్మా మోసింది?” అని చివరికి అడిగాడు.

“పసుపు నూరింది నేను. దారిలో ముండ్లు ఏరింది నేను.”

“అది కాదు. మోసింది ఎవరు?”

 జనంలో వెనక నిలబడిన ఓబులేసు తలగుడ్డ తీసి చేత పట్టుకొని ముందుకు వచ్చాడు. “ముందు భుజం నాది సామీ. నడిచిందని చెప్పిన నోరూ నాదే.”

ఆ రోజు పూజ సగంలో ఆగిపోయింది. పొంగలి కుండలు తెచ్చినవాళ్లు తెచ్చినట్టే ఎత్తుకుపోయారు. తల్లి పాదాలు చూశామని చెప్పినవాళ్లకే అందరికంటే ఎక్కువ కోపం వచ్చింది. బావి దగ్గర ముళ్లకంప వేశారు.

మరునాడు ఓవర్సీరు తన పరికరం పెట్టి దిమ్మె నుంచి రాయికి కొలిచాడు. నాలుగడుగుల మూడుంబావు అంగుళాలు వచ్చింది. సుంకులమ్మ కొలతకు, ఆయన కొలతకు తేడా పావంగుళం. ఆ పావంగుళం తప్పు ఎవరిదని ఊళ్లో ఇప్పటికీ వాదించుకుంటారు. ఆయన పై అధికారులకు రాసిన జాబులో తన తప్పును దాచుకోలేదని చెబుతారు. “వరద ఎక్కడి దాకా వచ్చిందని పన్నెండు మందిని అడిగాను. రాయి ఎప్పటి నుంచి ఇక్కడ ఉందని ఒక్కరినీ అడగలేదు” అన్నది అందులోని మాట.

ఓబులేసు మేస్త్రితనం పోయింది. జట్టును మాత్రం తరమలేదు. వరదల కాలానికి తొంభై రోజులు కూడా లేవు. ఆ లోపల కట్టను మళ్లీ ఎత్తడానికి వేరే చేతులు దొరకవు. పని అయ్యాక ఉండనిస్తారో లేదో ఎవరికీ తెలియదు. ఒక్కొక్క రాతి వరస పదిహేడు అంగుళాలు. నాలుగడుగుల మూడంగుళాలంటే మూడు వరసలు. ఆరు స్తంభాలకు, రెండు గోడలకు కలిపి ఇరవై నాలుగు వరసలు. తాపీవాళ్లు అవి లేపుతుంటే, ఒడ్డెర వారు ఇరువైపులా కట్టను ఎత్తు చేశారు. బావి లేదు కాబట్టి ఏటి ఇసుకలో చెలమలు తీసుకొని తాగారు.

ఓబులేసు అందరితో పాటు మట్టి తవ్వేవాడు, సుంకులమ్మ మోసేది. బుట్ట నింపేవాడు, ఎత్తి తల మీద పెట్టేవాడు. మాట్లాడేవాడు కాదు. ఇరవై రెండు రోజులు అలా గడిచాయి. ఇరవై మూడో రోజు బుట్ట ఎత్తుతూ అడిగాడు.

“బరువైందా?”

“ఇన్నాళ్లూ మోసిందానికంటే తేలికే.”

“అయితే ఇంకో పార వేస్తా” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ జట్టులో చాలా రోజుల తరువాత వినిపించిన నవ్వు అది.

ఎనభై ఏడో రోజు తెల్లవారుజామున ఏరు వచ్చింది. దూలాలు అప్పటికి పదకొండు రోజులుగా స్తంభాల మీద కూర్చొని ఉన్నాయి. పొద్దెక్కేసరికి గీట్లమ్మ రాయి నెత్తిదాకా మునిగింది. పల్లపు ఊళ్ల జనానికి పరుగెత్తడానికి ఎత్తైన చోటు ఒకటే ఉంది. కొత్త కట్ట. పసిపిల్లలతో, ఎనుములతో, నెత్తి మీద మూటలతో వాళ్లు కట్టెక్కారు. ముళ్లకంప వేసినవాళ్లు, కంప దాటలేక చెలమ నీళ్లు తాగినవాళ్లు ఒకే కట్ట మీద పక్కపక్కన నిలబడ్డారు. రాయి కనిపించకుండా పోయినప్పుడు ఆడవాళ్లు గొల్లుమన్నారు. మధ్యాహ్నానికి నీళ్లు ఆగాయి. కాటమయ్య చూసిన వరద కంటే అది ఏడంగుళాలు ఎక్కువ.

ముందు రోజే మనవరాళ్లతో ఈవలి ఒడ్డుకు దిగిన వీరమ్మ, సుంకులమ్మ పక్కకు వచ్చి కూర్చుంది. 

“నువ్వు నోరు మూసుకోనుంటే ఇప్పుడు నీళ్లు యాడుండేవే?”

సుంకులమ్మ కొత్త వరసల రాళ్లను చూపించింది. “ఇనుము ఆ మూడు వరసల కింద ఉండేది గదా అవ్వా. దాని మీద ఇంకా ఒక మూర నాలుగంగుళాలు పారేవి.”

“ఈ కట్ట?”

“కట్ట ఉండేది గాదు.”

వీరమ్మ కట్ట మీది జనాన్ని, ఎనుములను, తన మనవరాళ్లను ఒకసారి కలయజూసింది. తరువాత మూట విప్పి చిన్న ముంత తీసింది. “ఆ పొద్దు నీకు మజ్జిగ ఇయ్యమన్నా. ఎవురూ ఇచ్చినట్టు లేదు. తాగు” అంది.

మూడో రోజు నీళ్లు తీశాక చూస్తే రాయి కదలకుండా నిలబడి ఉంది. నియమం ప్రకారం గీటును పైకి జరపాలి. పాత గీటు నేల నుంచి మూడడుగుల రెండంగుళాలు. దానికి రాయి దిగిన లోతు నాలుగడుగుల మూడంగుళాలు కలపాలి. కొత్త వరద ఏడంగుళాలు కలపాలి. మొత్తం ఎనిమిది అడుగులు. రాయి ఎత్తు చూస్తే ఐదడుగుల ఎనిమిది అంగుళాలే. రాయిని పాత చోటికి తీసుకుపోదామంటే ఆ చోటు కట్ట కింద ఉంది. అందుకని వంతెన స్తంభాలకు తెచ్చిన రాళ్లలో పొడవైనదాన్ని వెనక పాతి, దాని మీద గీటు గీయాలని పెద్దలు నిర్ణయించారు. బోర్లించిన బుట్ట మీద నిలబడి, మునివేళ్ల మీద లేచి, సుంకులమ్మే ఆ గీటు గీసింది. కింది గీటును చెరపలేదు. బొట్టు పెట్టడం మాత్రం మానేశారు. గుడిసెలు పీకమని తరువాత ఎవరూ అడగలేదు. రైలు నడవడం మొదలయ్యాక వంతెన కాపలాకు, పట్టాల పనికి ఆ పద్దెనిమిది కుటుంబాల వారినే తీసుకున్నారు. అలా రేవు ఊరయింది.

ఇక్కడి ఆచారానికి మూలం కూడా ఆ రోజులదే. వంతెన మీద మొదటి ఇంజను నడవడానికి ముందు వేదాచల మొదలియారు పనివాళ్లందరినీ తల్లి ముందుకు పిలిచాడట. “ఈ వంతెనలో ఇంకా ఏదన్నా దాచిన తప్పు ఉంటే ఇప్పుడు చెప్పండి. చెప్పినవాణ్ణి నేను ఏమీ అనను. చెప్పినది సరి చేసేదాకా ఇంజను కదలదు” అన్నాడు.  ముందుగా ఒక తాపీ పనివాడు నాలుగో స్తంభంలో ఒక మూల సున్నం చాలక రాతిపొడి నింపానన్నాడు. ఒక కమ్మరి రెండు బోల్టులు బిగుసుకోక సుత్తితో కొట్టి కూర్చోబెట్టానన్నాడు. రెండూ విప్పి సరి చేశారు. ఇంజను ఆరు రోజులు ఆగి, ఏడో రోజు ఏరు దాటింది.

నేటికీ ప్రతి సంవత్సరం ఆరుద్ర కార్తెలో వచ్చే మొదటి ఆదివారం, వానలకు ముందు, ఈ దారిలో పట్టాల పని చూసే పదకొండు గ్యాంగుల పనివారు కుటుంబాలతో గీట్లమ్మరేవుకు వస్తారు. పూజారి ఉండడు. గ్యాంగులన్నిటిలో పెద్దవారు పై గీటుకు పసుపు రాస్తారు. ఓబులేసు వంశంలో ఒకరు అందరికంటే ముందు నిలబడి “తల్లి నడవలేదు, మేమే మోశాం” అని చెబుతారు. పొరపాటున కూడా ఈ మాటను పాటగానో మంత్రంగానో మార్చకూడదు. మామూలు గొంతుతోనే చెప్పాలి. ఆ తరువాత ఎవరైనా ముందుకు వచ్చి ఆ ఏడాది తమ పనిలో జరిగిన తప్పును, దాచిన తప్పును చెప్పుకోవచ్చు. అక్కడ విన్నది ఆఫీసుకు చేరకూడదన్నది కట్టుబాటు. ఆ దారిలో పనిచేసే ఇంజనీర్లు కూడా వింటూ నిలబడతారు, ఏమీ రాసుకోరు. అయితే చెప్పుకుంటే చాలదు. చెప్పిన తప్పును ఆ రోజే సరిదిద్ది రావాలి. సరిదిద్ది వచ్చేదాకా తల్లికి హారతి ఇవ్వరు.

ఇప్పుడు రైలు పనివారే కాక ఇతరులు కూడా వస్తున్నారు. తప్పు మందు ఇచ్చి గుర్తించీ ఊరుకున్న దుకాణందారు, పిల్లవాడి జవాబు సరైనదే అయినా కొట్టేసిన లెక్కల మాస్టారు, కొలత తగ్గించి ఇటుక పోసినాయన. దూరం నుంచి వచ్చేవారు ఆ రోజే వెనక్కి వెళ్లి రాగలిగిన తప్పును ఎంచుకొని రావడం మంచిది. ఈ తల్లికి కోరికలు చెప్పుకోరు, ముడుపులు కట్టరు. ఇక్కడ తప్పు చెప్పుకొని సరిదిద్దుకున్నవారి చేతి పని మీద తల్లి చూపు ఉంటుందని, వారు కట్టినది కూలదని, వారు నడిపినది దారి తప్పదని ఈ చుట్టుపక్కల వారి నమ్మకం.

కిందటి ఆరుద్రలో చిన్నరెడ్డెప్ప అనే కీమ్యాన్ ముందుకు వచ్చాడు. రోజూ పట్టాల వెంట నడిచి బిగింపులు చూసే ఉద్యోగం ఆయనది. ఇంకా రెండేళ్ల సర్వీసు ఉంది. మోకాలు నొప్పి వల్ల తొమ్మిది రోజులుగా చివరి రెండు కిలోమీటర్లు నడవకుండానే నడిచానని రాశానని చెప్పాడు. చెప్పేటప్పుడు ఆయన భార్య పక్కనే ఉంది. ఆమెకూ అది అప్పుడే తెలిసింది. “నాతో చెప్పుంటే నేను పోయి చూసొచ్చేదాన్ని గదయ్యా” అంది గట్టిగా. జనం నవ్వారు గాని ఆయన నవ్వలేదు. స్పానరు తీసుకొని మెట్లెక్కాడు. తోడు వస్తామన్నవాళ్లను ముగ్గురినే రానిచ్చాడు. భార్య నాలుగో మనిషిగా ఎవరినీ అడగకుండానే వెళ్లింది.

అప్పటికి పదకొండున్నర అయింది. ఆ రోజు దాదాపు ఆరు వందల మంది ఉన్నారు. రేకుల కింద వంద మందికి కూడా నీడ చాలదు. పొంగలి చల్లారింది. మూడు కర్పూరం బిళ్లలు పళ్లెంలో పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఒంటిగంటకు పిల్లలకు మాత్రం తినిపించారు. మూడు గంటలకు కట్ట మీద దూరంగా ఐదుగురు కనిపించారు. చిన్నరెడ్డెప్ప ఒక కాలు ఈడుస్తూ, భార్య భుజం పట్టుకొని నడుస్తున్నాడు. రెండు చోట్ల బిగింపులు వదులయ్యాయని, బిగించి వచ్చామని చెప్పాడు. మెట్లు దిగడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు. ఆయన గ్రీజు చేతులు చీరకొంగుకు తుడుచుకోబోతే భార్య కొంగు లాక్కుంది.

అప్పుడు కర్పూరం వెలిగించారు.